బావి తేటపడిన మూడు రోజులు

పోయిన నెలలో గోనెగండ్ల వైపు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. నీటి పరీక్షలు చేయడమే ఉద్యోగంగా బతికిన నేను, విరమణ తర్వాత ఆదోనిలో స్టేషనుకు దగ్గరగా ఒక మేడ మీద ఉంటున్నాను. పరీక్షశాల తాళాలు అప్పగించి చాలాకాలమైనా, నా నంబరు మాత్రం చేతులు మారుతూనే ఉంది.

"మేడమ్, మా సేన్లో కుంట ఉండాది. సేపలన్నీ పైకి తేలి సచ్చినాయి. పక్క సేనాయప్ప పత్తి మందు కలిపినాడు. నీళ్ళు సీసాలో పట్టి పెట్టినా. మీరు ఒక మాట రాసిస్తే నేరుగా పోలీసుల కాడికి పోతా."

"కలపడం మీరు చూశారా?"

"సూడాల్నా మేడమ్? మా ఇద్దరికీ గట్టు తగాదా ఉండాది. ఇంగెవరు కలుపుతారు?"

నేను ఇంకొక్క ప్రశ్న అడిగాను. చేపలు చావడానికి మూడు నాలుగు రోజుల ముందు, కుంటలో నీళ్ళు ఉన్నట్టుండి తేటపడ్డాయా?

అవతల ఎక్కడో లారీ హారన్ వినిపించింది.

"మీకెట్ల తెలుసు మేడమ్?" అన్నాడు చివరికి. గొంతు బాగా తగ్గింది.

ఎట్లా తెలుసో ఫోనులో చెప్పగలిగినది కాదు. సీసా తీసుకుని రమ్మన్నాను. ఆయన వచ్చేలోపల నా మనసు ఎమ్మిగనూరు పక్కన, ఇప్పుడు లేని ఒక బావి మెట్లు దిగడం మొదలుపెట్టింది.

మా వీధి ఊరు ముగిసి నల్లరేగడి చేలు మొదలయ్యే చోట ఉండేది. ఇంటికొక గుంత మగ్గం. తెల్లవారుతుండగానే వీధి పొడవునా పడుగులు సాగదీసి, కుంచెలతో గంజి పట్టించేవారు. పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన, ఇళ్ళలోంచి ఉగ్గాని తిరగమోత వాసన ఒకదాని మీద ఒకటి పేరుకుని, ఎండ ఎక్కేసరికి ఒకే వాసనగా మారేవి. ఆ మిశ్రమం మళ్ళీ ఎక్కడా నా ముక్కుకు తగల్లేదు.

వీధి చివర దిగుడు బావి. చదరపు రాతి కట్టడం. మామూలు సంవత్సరాల్లో పదకొండు మెట్లు దిగితే నీళ్ళు అందేవి. తూర్పు మెట్లు మగ్గాల వీధివి, పడమటి మెట్లు కూలి వీధివి. ఈ రెండో వరుస చాలాకాలం కూలిపోయి ఉండేది. నేను చెప్పబోయే ఏడాదికి రెండు వేసవుల ముందు కూలి వీధి వాళ్ళ బావి ఎండిపోతే, నెలల తరబడి వాదులాడిన తర్వాత ఆ మెట్లు బాగుచేసుకుని నీళ్ళు పట్టుకోనిచ్చారు. అది హక్కుగా ఇచ్చింది కాదు, దయగా ఇచ్చింది. దయగా ఇచ్చినదాన్ని ఏ రోజైనా వెనక్కి తీసుకోవచ్చునని రెండు వీధులకూ తెలుసు.

ఆ బావిలో ఎవరెవరు కాపురముండేవారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. రాళ్ళ సందుల్లో నత్తలు. నీటి మీద మునగకుండా పరుగెత్తే సన్నకాళ్ళ పురుగులు. దోమ పిల్లలు, వాటిని తినే చిన్న చేపలు, ఆ చేపల కోసం గంటల తరబడి కదలకుండా కూర్చునే లకుముకి పిట్ట. నీటి మీదికి వంగిన తుమ్మకొమ్మకు గిజిగాళ్ళ గూళ్ళు. అందరికన్నా పాతకాపు ఒక తాబేలు; దాని వీపు మీద అరచేతి మందాన నాచు ఉండేది. చేపలు వాటంతట అవే వచ్చినవి కావు. ఏటా తొలివానల తర్వాత మా అవ్వ, అంటే నాయన తల్లి, ఇంకో ఇద్దరు ముసలమ్మలతో కలిసి కాలువ దాకా నడిచిపోయి, బిందెలో పట్టుకొచ్చి వదిలేది.

తెల్లవారి మొదటి బిందె ముంచే ముందు నీళ్ళను చేపలకు చూపించాలన్నది వీధి కట్టుబాటు. చూపించడమంటే గుప్పెడు బొరుగులు, అంటే మరమరాలు, నీటి మీద చల్లడం. చేపలు పైకి వచ్చి బొరుగులు లాక్కుపోతే నీళ్ళు మంచివి. ఆ తర్వాతే బిందె. ఆ పని మా అవ్వది.

"మన నాలికకు తెలిసేలోపల దానికి తెలుస్తాది పాపా" అనేది. ఇదే పద్ధతికి తర్వాత నేను చదివిన పుస్తకాల్లో ఒక పొడుగాటి పేరు ఉంది. అవ్వ చెప్పినంత క్లుప్తంగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

నేను చెబుతున్న ఆ ఏడాదికి అవ్వ కళ్ళకు పొర కమ్మింది. బొరుగులు చల్లేది అవ్వ, చూసేది నేను.

"వచ్చినాయా?"

"వచ్చినాయవ్వా."

మెట్లు దిగేలోపల అవ్వ కొంగుముడిలోని బొరుగుల్లో సగం నేను నమిలేసేదాన్ని. "ఏమే, మన సేపలకు పండ్లు వచ్చినాయేమే? కరకరమంటాండాది" అనేది అవ్వ, నవ్వకుండా.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. దసరా వెళ్ళింది, దీపావళి ఇంకా రాలేదు. నీళ్ళు పద్దెనిమిదో మెట్టుకు దిగిపోయాయి. లోతు తగ్గిన నీటికి ఎండ అడుగుదాకా తగిలేది. గట్టు మీద కడిగిన గంజి గిన్నెల కుడితి లోపలికి జారేది. ఎండకూ గంజికీ పాచి బలిసింది. పది రోజుల్లో నీళ్ళు పెసరపిండి కలిపినట్టయ్యాయి. తాగే నీళ్ళను గుడ్డలో వడగట్టుకున్నారు. కానీ గంజికి వాడితే తెల్ల పడుగు మీద పచ్చజీర దిగేది. మా అమ్మ తల పట్టుకునేది. "ఇట్లయితే మగ్గం ఎట్ల ఎక్కించేది అత్తా?"

నా బాధ వేరు. బొరుగులు చల్లగానే అవ్వ అడిగేది, "వచ్చినాయా?" ఆ పచ్చదనంలో నాకు తడిసి ఉబ్బుతున్న బొరుగులు తప్ప ఏమీ కనపడేవి కావు. మొదటి రోజు కొంచెం తడబడి, "వచ్చినాయవ్వా" అన్నాను. తర్వాత తడబడలేదు. మధ్యాహ్నానికి బొరుగులు మాయమయ్యేవి కాబట్టి అది పూర్తి అబద్ధం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ నా మాట మీద రెండు వీధులు బిందెలు ముంచుతున్నాయని నాకు తెలుసు.

కూలి వీధిలో ఒకాయన పత్తిచేలకు మందు కొట్టే పనికి పోయేవాడు. వీపున ఎప్పుడూ ఇత్తడి పంపు ఉండేది కాబట్టి ఊరంతా ఆయన్ను పంపాయన అనేది. ఆయన కూతురు బళ్ళో నా పక్కన కూర్చునేది. ఆమె గౌనుకు కూడా ఆ మందు వాసన ఉండేది. పంపాయన రోజూ తెల్లవారి పడమటి మెట్లు దిగి, రేకు డబ్బాలో నీళ్ళు నింపుకుని, సైకిలుకు కట్టుకుని చేనికి పోయేవాడు. పంపును మాత్రం బావికి నూరడుగుల దూరంలో, దారి పక్కన ఇంకో తుమ్మచెట్టు అవతలే దించేవాడు.

"ఇది బావిని సూడగూడదు, బావి దీన్ని సూడగూడదు. ఇద్దరికీ సిగ్గు" అనేవాడు.

ఒకసారి అడిగాను. "మందు కొడితే పురుగులన్నీ సస్తాయా మామా?"

"ఎందుకు సావవు? ముందు సాలీడు సస్తాది. దాని ఎనక అక్షింతల పురుగు సస్తాది. కాయ తొలిసే పురుగుండాదే, అది కాయలోపల కూసోని నగుతాంటాది. పది దినాలకు పెండ్లాం పిల్లల్తో బయటికి వస్తాది. ఆ దినం దాన్ని తినేకి ఎవరూ ఉండరు."

"మరి ఎందుకు కొడతావు?"

"సేను నాదా ఏంది పాపా?"

నేను పగలబడి నవ్వాను. ఆ మాటలో హాస్యం నాకు అర్థమైంది. పాఠం అర్థం కాలేదు.

గంజికి బూజు పట్టకుండా మా అమ్మ అందులో మైలుతుత్తం వేసేది. రాగి నుంచి తీసే, నీలంగా గాజు ముక్కల్లా మెరిసే రాయి. అటక మీద మూతికి గుడ్డ కట్టిన కుండలో ఉండేది. "అది కడుపులోకి పోతే పేగులు తెగుతాయి" అని అవ్వ నన్ను ఎన్నిసార్లు బెదిరించిందో లెక్కలేదు.

నా ఆలోచన ఇలా సాగింది. గంజికి పట్టే బూజు పచ్చగా ఉంటుంది. మైలుతుత్తం వేస్తే పట్టదు. బావిలో పాచి కూడా పచ్చగానే ఉంది. గుండిగెడు గంజికి అమ్మ చిటికెడు వేస్తుంది. ఆ గంజి ఒలికితే వీధి కుక్క నాకింది, దానికేమీ కాలేదు. గుండిగెకు చిటికెడైతే బావికి దోసెడు ఎక్కువ కాదు. ప్రతి మాటా విడిగా దాదాపు నిజమే. అన్నీ కలిపిన చోట ఒక పెద్ద ఖాళీ ఉందని నాకు తోచలేదు. మగ్గాల వీధి పిల్ల తప్ప మరెవరూ చేయలేని పొరపాటు అది.

మధ్యాహ్నం మగ్గాల చప్పుడు జోరుగా ఉన్న వేళ, దోసెడు రాళ్ళు పాతగుడ్డలో మూటకట్టి, చేదతాడుకు బిగించి, తూర్పు మెట్ల చివర నిలబడి నీటిలో అటూ ఇటూ ఈడ్చాను. నీలం చారలు పచ్చనీటిలోకి పొగలా విడిపోయాయి. అవతలి మెట్టు మీద ఎండకు పడుకున్న తాబేలు తల లోపలికి తీసుకుంది. మూట తేలికపడేదాకా తిప్పి, గుడ్డను తుమ్మకంపలో పారేసి, చేతులు మట్టితో మూడుసార్లు రుద్దుకున్నాను.

మర్నాడు నీళ్ళు పసుపుపచ్చకు తిరిగాయి. ఆ మర్నాడు తేటపడ్డాయి.

అంత తేట మా అమ్మ కూడా ఎన్నడూ చూడలేదట. అడుగున ఎప్పుడో మునిగిన ఇత్తడి బిందె, విరిగిన చేదకప్పీ, ఎవరిదో ఒంటి చెప్పు కనిపించాయి. ఆడవాళ్ళు మెట్ల మీద నిలబడి పోయిన వస్తువులకు పేర్లు పెట్టి నవ్వుకున్నారు. ఒకామె టెంకాయ కొట్టింది. తెల్ల పడుగు తెల్లగా ఆరింది. పొద్దున్నే బొరుగులు పడగానే చేపల వెండి వీపులు నిగనిగలాడుతూ పైకి వచ్చాయి.

"వచ్చినాయా?"

"వచ్చినాయవ్వా!" అన్నాను. ఎన్నో రోజుల తర్వాత ఆ మాట నిజమైంది. అంత గర్వం నాకు తర్వాత ఏ పట్టా తీసుకున్నప్పుడూ కలగలేదు.

తేటపడ్డాక మూడో పొద్దున చేపలు బొరుగులు పడకముందే పైన ఉన్నాయి. నీటి అంచుకు నోళ్ళు ఆనించి, తెరిచి మూస్తున్నాయి.

"వచ్చినాయా?"

"వచ్చినాయవ్వా. పైననే ఉండాయి."

"తింటాండాయా?"

బొరుగులు వాటి మూతుల పక్కనుంచే తేలిపోతున్నాయి. "...లేదు."

అవ్వ మెట్టు మీద చతికిలబడి, దోసిట నీళ్ళు పట్టి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"పచ్చి వాసన పోయింది. ఏదో సచ్చిన వాసన వస్తాండాది. పాపా, ఎవరన్నా బావిలో ఏమన్నా ఏసినారా?"

"నాకు తెల్దవ్వా."

అవ్వ లేచి, "ఈ పొద్దు ముంచొద్దండి" అని పైకి కేకేసింది. "కండ్లు కనపడనామె నీళ్ళు బాగలేవంటే ఎట్ల? అద్దమున్నట్టుంటే!" అని పైనుంచి ఎవరో అన్నారు. బిందెలు దిగాయి.

నాలుగో తెల్లవారుజామున కేకకు లేచాను. బావి నిండా చేపలు తెల్లని పొట్టలు పైకి పెట్టుకుని తేలుతున్నాయి. తాబేలు నీళ్ళు వదిలేసి, పడమటి మెట్లు ఒక్కొక్కటీ ఎక్కి, పై మెట్టు మీద మెడ చాచి నిలబడింది. దాని వీపు మీద నాచు తెల్లబడి ఊడుతోంది. లకుముకి పిట్ట కొమ్మ మీదే ఉంది, నీటిలోకి దూకడం లేదు.

"మందు!" అన్నారు ఎవరో. అంతే. ఆ మాటకు సాక్ష్యం అక్కర్లేకపోయింది. పంపాయన ఆ రోజు చీకటితోనే డబ్బా నింపుకుని చేనికి వెళ్ళిపోయాడు.

పొద్దున్నే, ముందురోజు పట్టిన నీళ్ళు తాగిన పక్కింటి పసివాడికి ఉప్పునీళ్ళు తాపి కక్కిస్తున్నారు. వాడి తల్లి గుండెలు బాదుకుంటోంది. ఇళ్ళలోని బిందెలన్నీ వీధిలో కుమ్మరించారు. మగ్గాల వీధి పెద్దాయన వచ్చి, చచ్చిన చేపల్ని ఒకసారి చూసి, "పడమటి మెట్లకు కంపెయ్యండి. ఇంగ తీసేది లేదు" అన్నాడు. నలుగురు తుమ్మకంప ఈడ్చుకొచ్చి ఆ మెట్లు మూసేశారు.

ఇంకో మంచినీళ్ళ చోటు కాలువే. పోయి రావడానికి సగం రోజు. కూలి వీధి ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో కంప అవతల నిలబడ్డారు. తిట్టలేదు, అడగలేదు, కదల్లేదు. వాళ్ళలో పంపాయన కూతురు ఉంది. నన్ను చూసి కంప దగ్గరికి వచ్చింది.

"మా నాయన పంపు బావి కాడికి తేడు. నువ్వు దినామూ సూసినావు కదా. మీ పెద్దాయనకు సెప్పు. నువ్వు సెప్తే ఇంటారు."

నేను తల ఊపాను. చెప్తానని కాదు, విన్నానని. ఆమె మాత్రం చెప్తాననే అనుకుంది. బిందె చంకకు మార్చుకుని, తల్లి దగ్గరికి పోయి ఆ మాట చెప్పింది. ఆ తల్లి నావైపు చూసిన చూపు తప్పించుకోవడానికి నేను ఇంట్లోకి పరుగెత్తి, గంజి గుండిగె వెనక కూర్చున్నాను. పక్కింటి పసివాడు కక్కే చప్పుడు గోడ ఇవతలికి వినిపిస్తోంది. ప్రతి కక్కుకూ నాకు అవ్వ మాట గుర్తొచ్చింది: పేగులు తెగుతాయి.

పొద్దు వాలే వేళకు పంపాయనను చేనినుంచి పిలిపించారు. బావిగట్టు మీద ఒక వైపు మా వీధి, కంప అవతల వాళ్ళ వీధి. పెద్దాయన అరుగు రాయి మీద కూర్చున్నాడు.

"ఏమప్పా, పంపు కడిగినావా?"

"లేదు పెద్దాయనా. ఇన్నేండ్ల నుంచి మోస్తాండా, ఒక్క దినం దాన్ని బావికి సూపియ్యలే."

"మరి సేపలు ఊరికే సచ్చినాయా?"

"నాకేం తెలుసు? సేపల్ని అడగాల్నంటే నిన్ననే అడగాల్సిండె."

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన మొహం ఎర్రబడింది. "నగు, బాగా నగు. ఆడ పసిబిడ్డ పొద్దున్నుంచి కక్కుతాండాడు."

"ఉప్పునీళ్ళు తాపితే నేనైనా కక్కుతా పెద్దాయనా."

"తాగి సూపియ్యమను!" అన్నారు వెనకనుంచి. "సేపలకు సూపిచ్చినట్టే, ఈ పొద్దు ఈయప్పకు సూపిద్దాం!"

పంపాయన నవ్వు మొహం మారింది. కంప అవతల ఉన్న భార్యను, కూతుర్ని చూశాడు. "నేను తాగితే కంప తీస్తారా?"

"తాగి, దీపాలు పెట్టేదాకా నిలబడితే తీస్తాం" అన్నాడు పెద్దాయన.

"చెంబియ్యండి."

చెంబు ఇచ్చారు. కానీ పడమటి మెట్లకు కంప ఉంది. దిగాలంటే తూర్పు మెట్లే. ఆ మెట్ల మీద ఆయన కాలు ఏనాడూ పడలేదు. పంపాయన మొదటి మెట్టు ముందు ఆగిపోయాడు. ఎవరూ దిగమనలేదు, వద్దనలేదు.

నా ముందు నిలబడిన అవ్వ, పొరలు కమ్మిన కళ్ళను అటు తిప్పింది. "దిగనీరా. నీళ్ళు ఈ మెట్లకు ఒకటి, ఆ మెట్లకు ఒకటి ఉండాయా?"

ఆయన దిగాడు. అవ్వ కొంగు పట్టుకుని నేను మెట్లు లెక్కపెట్టాను. ఐదో మెట్టుకు చెప్పేద్దామనుకున్నాను. పదో మెట్టుకు మళ్ళీ అనుకున్నాను. పద్దెనిమిదో మెట్టు మీద ఆయన గొంతుకు కూర్చుని, చచ్చిన చేపల్ని అరచేత్తో మెల్లగా పక్కకు నెట్టి, చెంబు ముంచి, ఎత్తి తాగాడు. ఆయన గొంతు కదలడం పైదాకా కనిపించింది. సగం చెంబు మిగిలింది. దాన్ని అందరికీ చూపించడానికి అలాగే పైకి తెచ్చాడు.

ఆయన పై మెట్టు మీద కాలు పెట్టగానే నేను పరుగెత్తి, ఆ చెంబు లాక్కుని, మిగిలింది గటగటా తాగేశాను.

"ఏయ్ పాపా!" అని ఆయన చెయ్యి పట్టుకునేలోపల చెంబు ఖాళీ అయింది.

"ఎవరు? ఎవరు తాగింది?" అవ్వ చేతులు గాలిలో వెతుకుతున్నాయి.

"నేనే అవ్వా. నేనే ఏసినా. మైలుతుత్తం. దోసెడు. గుడ్డలో మూటకట్టి తిప్పినా. ఈ మామ ఏమీ ఏయలే." చెప్పేశాక ఏడుపు వచ్చింది. చస్తే ఇద్దరం కలిసి చస్తామన్నదే నా మనసులో ఉంది. అంతకన్నా న్యాయమైన లెక్క నాకు దొరకలేదు.

పెద్దాయన నమ్మలేదు. "వాళ్ళ పాపతో జత కదా ఇది, కాపాడేకి సెప్తాండాది. మైలుతుత్తమేసింటే నీళ్ళు నీలంగా ఉండాల. యాడుంది నీలం?" అవునవునన్నారు చాలామంది. చేసింది నేనేనని చెప్పినా ఆ మాట నిలబడని క్షణం అది.

పంపాయన మూతి తుడుచుకున్నాడు. తాను తాగినదేమిటో ఆయన అప్పుడే, నా నోటినుంచే విన్నాడు. ఒకసారి నావైపు చూసి, నాలుక అంగిట్లో చప్పరించాడు.

"పాప నిజమే సెప్తాండాది. తాగేటప్పుడే అనుకుంటి, ఇదేందప్పా, నోరంతా రాగిచెంబు నాకినట్టుండాదే అని. ఏం పాపా, నీకు తగల్లేదా?"

"తగిలింది" అన్నాను, వెక్కుతూ.

"సూసినారా? ఇంగ మా ఇంట్లో గిన్నెలకు కళాయి అక్కర్లేదు, నా నాలికతో తుడిస్తే సాలు."

ముందు ఒక ముసలి నేతగాడు నవ్వాడు. తర్వాత కంప అవతలినుంచి ఆడవాళ్ళు నవ్వారు. ఈలోపు మా అమ్మ అటకెక్కి కుండ దించి తెచ్చింది. సగం ఖాళీ, లోపలి నీలం పొడి మీద నా వేళ్ళ గుర్తులు. పెద్దాయన కుండలోకి చూసి, కండువా దులుపుకున్నాడు.

అవ్వ నన్ను తడుముకుంటూ పట్టుకుని, నోట్లో రెండు వేళ్ళు దూర్చి తాగినదంతా కక్కించింది. పంపాయన చేత కూడా కక్కించమని కేకలేసింది. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే కంప దగ్గరికి నడిచి, చేతులతో లాగడం మొదలుపెట్టింది. ఆపబోయిన వాళ్ళతో, "మా ఇంటి తప్పు. మా ఇల్లే తీయాల" అంది. అరచేతులు చీరుకుని నెత్తురు కారింది. పెద్దాయన కాసేపు చూసి, లేచి వచ్చి రెండో కొస పట్టుకున్నాడు.

దీపాలు పెట్టేదాకా పంపాయన నిలబడే ఉన్నాడు. నేను ఆయన పక్కన నిలబడ్డాను. ఇద్దరం చావలేదు. ఉప్పునీళ్ళు ఆపాక పక్కింటి పసివాడి కక్కులూ ఆగిపోయాయి.

నాలుగు రోజులు ఎద్దులతో కపిలె కట్టి బావి తోడారు. పూడిక తీయడానికి రెండు వీధులూ దిగాయి. తాబేలు ఆ నాలుగు రోజులు మా ఇంటి గోలెంలో ఉంది. మరుసటి ఏడు తొలివానలకు కాలువనుంచి చేపలు తెచ్చిన బిందెను ఒక పక్క నేను, ఒక పక్క పంపాయన కూతురు పట్టుకున్నాం. చూసే పని అవ్వ నానుంచి తీసేస్తుందనుకున్నాను. తీయలేదు.

"ఇంగ కూడా నువ్వే సూడాల. కనపడితే కనపడినాయను. కనపడకపోతే కనపడలేదను. అంతే" అంది. నేను ఉద్యోగంలో రాసిన కాగితాలన్నిటికీ ఆధారమైన నియమం అదొక్కటే.

ఏం జరిగిందో చదువుకున్నాక తెలిసింది. నేను పాచిని చంపాను. చేపలను చంపింది చచ్చిన పాచి. అడుగుకు దిగి కుళ్ళుతూ అది నీటిలోని ప్రాణవాయువును పీల్చేసింది. అందుకే నీళ్ళు ముందు తేటపడ్డాయి, చేపలు తర్వాత చచ్చాయి. సరిగ్గా ఆ వరసనే నేను రైతును ఫోనులో అడిగాను.

ఆయన మర్నాడు సీసాతో వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని, పాచి పోతుందని ఎవరో చెబితే నీలం పొడి తానే చల్లానని ఒప్పుకున్నాడు. "పక్కాయప్పను అంత మాటనేసినా మేడమ్. ఇప్పుడేం సేయాల?" పోయి ఆయన ముందర ఈ మాటే చెప్పమన్నాను. సీసా ఇక్కడే వదిలి వెళ్ళాడు.

మా బావి ఇప్పుడు లేదు. పూడ్చి, సిమెంటు పోశారు; నీళ్ళ క్యాన్ల ఆటో అక్కడ ఆగుతుంది. పంపాయన చాలాకాలం కిందటే పోయాడు, మందు పీల్చిన ఊపిరితిత్తులతో.

రైతు వెళ్ళాక, ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది నాటి నా నోటు పుస్తకం వెతికి తీశాను. అప్పట్లో ఒక సెలవు రోజున, పంపాయన చెప్పిన ఆ రాగి రుచిని పరీక్షిద్దామని, గుర్తున్న మెట్లతో బావి కొలతలు వేసి, పిల్లచేతి దోసెడును తూచి, అందులో రాగి వంతు తీసి, ఆ మోతాదులో మైలుతుత్తం ఒక సీసా నీళ్ళలో కలిపాను. మా సున్నపు నీటిలో రాగి సగానికి సగం మట్టిలోకి దిగిపోతుందని తెలిసినా, దిగలేదనే లెక్కపెట్టాను. దాని పక్కన అంతకంతకు చిక్కనివి ఇంకో నాలుగు. వరసగా ఒక్కొక్క చుక్క నాలుక మీద వేసుకున్నాను. రాగి నాలుగో సీసాలో తెలిసింది.

మొదటి సీసా ఎదురుగా పుస్తకంలో ఇలా ఉంది: "మా బావి. రుచి: తెలియలేదు."